చిన్నపిల్లలకు సైన్స్: కిట్టు కొనాలా, సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్ళాలా, వంటింట్లో పసుపు డబ్బా చాలా?

నాలుగేళ్ళ పిల్లకు పుట్టినరోజు కానుకగా సైన్స్ కిట్టు కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే పేజీలకు పేజీలు వస్తాయి. వీధి చివర ఆదివారం సైన్స్ క్లాసులంటూ ఫ్లెక్సీ కట్టి ఉంటుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ప్లానెటేరియం ముందు దిగిన ఫొటోలు పెడతారు. అమ్మమ్మేమో ‘‘ఇంత పిల్లకు సైన్సేంటే, కాసేపు మట్టిలో ఆడుకోనీ’’ అంటుంది. నన్నడిగితే అమ్మమ్మ మాటకే ఎక్కువ మార్కులేస్తాను. కాకపోతే ఆ మట్టి పక్కన పెద్దవాళ్ళెవరో ఒకరు తీరిగ్గా కూర్చుని, అప్పుడో ప్రశ్న ఇప్పుడో ప్రశ్న అడుగుతుండాలి.

ఇక్కడ చెప్పేదంతా మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లల గురించే. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ ఐదేళ్ళను ఒకే పునాది దశగా లెక్కేసి, చదువు ఆటలతో సాగాలంది. ఈ వయసులో ఆమ్లం, క్షారం, గురుత్వాకర్షణ అన్న మాటలు నోటికి రాకపోయినా కొంప మునిగేదేమీ లేదు. ‘‘ఇలా చేస్తే ఏమవుతుంది?’’ అని అడిగి, చేసి చూసే అలవాటు పడితే చాలు.

ముందు చూడాల్సినవి

చాలామంది ధర, డబ్బా మీద రాసిన వయసు చూసి కొనేస్తారు. నేనైతే ధరను చివర్న పెడతాను.

మొదటిది: పిల్లలు దాన్ని ఇంకోసారి, ఇంకోలా చేసి చూడగలరా? అమెరికాలో ఎలిజబెత్ బోనావిట్జ్, లారా షుల్జ్ తదితరులు 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. గొట్టం లాగితే కూసేది, మీట నొక్కితే వెలిగేది, లోపల అద్దం దాగున్నది ఇలా నాలుగు రకాల విద్యలున్న బొమ్మను బడికి వెళ్ళని పిల్లలకిచ్చారు. కొందరికి ‘‘ఈ బొమ్మ ఇలా పనిచేస్తుంది’’ అని ఒక్క కూత మాత్రం చూపించి ఇచ్చారు. ఆ పిల్లలు ఎక్కువగా కూత దగ్గరే ఆగిపోయారు. ఏమీ నేర్పకుండా చేతికిచ్చినవాళ్ళు ఎక్కువసేపు ఆడి, మిగతా విద్యలూ కనిపెట్టారు. కాబట్టి జవాబు ముందే చెప్పేసే వస్తువు ఎంత ఖరీదైనదైనా నాకు అనుమానమే.

రెండోది: పక్కన ఎవరుంటారు? అమ్మానాన్నలిద్దరూ రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే ఇంటికీ, తాతయ్యా నానమ్మా రోజంతా ఉండే ఇంటికీ ఒకే సలహా పనికిరాదు.

మూడోది: వయసుకు తగ్గ ప్రశ్నేనా? ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, పిల్లాడి కళ్ళముందే ఒకదాన్ని పొడుగాటి సన్న గ్లాసులోకి వంచి, ‘‘ఇప్పుడెందులో ఎక్కువున్నాయి?’’ అని అడగండి. నాలుగైదేళ్ళవాడు పొడుగు గ్లాసే చూపిస్తాడు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే దీన్ని ఎప్పుడో గమనించి రాశాడు. సుమారు ఏడేళ్ళు వచ్చేదాకా చాలామందికి ఆ లెక్క కుదరదు. అలాంటప్పుడు ‘సాంద్రత’ గురించిన కిట్టు ఐదేళ్ళవాడికి కొనిచ్చి, వాడికి అర్థం కాలేదని బాధపడటం ఎందుకు?

నాలుగోది: నోట్లో పెట్టుకుంటే ఏమవుతుంది? ఇక్కడ మొహమాటం వద్దు. గుండ్రటి బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. చిన్న చిన్న బలమైన అయస్కాంతాలు రెండు మింగితే పేగుల గోడలు వాటి మధ్య ఇరుక్కుని చిల్లులు పడతాయి. నీళ్ళలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్ బంతులు కడుపులోనూ అలాగే ఉబ్బుతాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటున్న వస్తువైనా, ఇంట్లో మూడేళ్ళ లోపు పిల్లలుంటే, గుమ్మం లోపలికే రాకూడదు.

| ఎంపిక | ఏ వయసుకు బాగుంటుంది | పెద్దవాళ్ళ సమయం | మార్చి మార్చి చేయొచ్చా | ఖర్చు |
|---|---|---|---|---|
| వంటిల్లు | 3 నుంచి | ఎక్కువ | బాగా | దాదాపు ఏమీ లేదు |
| పెరడు, డాబా, పూలకుండీ | 3 నుంచి | కొద్దికొద్దిగా, రోజూ | బాగా | ఏమీ లేదు |
| చేసుకునే బొమ్మలు | 5 నుంచి | మధ్యస్తం | బాగా | దాదాపు ఏమీ లేదు |
| కొన్న కిట్టు | 7 నుంచి | డబ్బా మీద చెప్పినదానికన్నా ఎక్కువ | కిట్టును బట్టి | వందల నుంచి వేలు |
| సైన్స్ సెంటర్ | 5 నుంచి | ఒక పూట | అక్కడ ఉన్నంతసేపే | టికెట్లు, ప్రయాణం |
| ఆదివారం క్లాసు | 6 నుంచి | దింపి రావడమే | టీచరును బట్టి | నెలనెలా |

వంటిల్లు

నా ఓటు ముందు దీనికే. తెల్ల చొక్కా మీద సాంబారు మరక పడింది, సబ్బు రాయగానే ఎర్రగా మారింది. ఇది చూడని తెలుగు ఇల్లుండదు. దిష్టి తీసే ఎర్రనీళ్ళూ, కాళ్ళకు పెట్టే పారాణీ ఇదే పని: పసుపు, సున్నం కలిస్తే ఎరుపు. ఈ సంగతిని పిల్లల చేతికి ఇవ్వడం తేలిక. పసుపును నీళ్ళలో చిక్కగా కలిపి తెల్లకాగితం మీద పూసి ఆరబెట్టండి. చెవిలో పెట్టుకునే దూది పుల్లను సబ్బునీళ్ళలో ముంచి దాని మీద బొమ్మ గీయమనండి. గీత పడ్డచోటల్లా ఎర్రబడుతుంది. ఆ ఎరుపు మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపు.

అసలు పని ఆ తరవాత మొదలవుతుంది. ‘‘మజ్జిగ వేస్తే?’’ ‘‘షాంపూ?’’ ‘‘వంటసోడా?’’ ‘‘చింతపండు పులుసు?’’ అని పిల్లలే వరస పెడతారు. మీరు చేయాల్సిందల్లా, వేసే ముందు ‘‘ఏ రంగొస్తుందనుకుంటున్నావు?’’ అని అడిగి నోరు మూసుకోవడం. ఏడేళ్ళవాళ్ళతో అయితే పక్కన శంఖపుష్పాలు నానబెట్టిన నీలిరంగు నీళ్ళూ పెట్టండి. నిమ్మరసం వేస్తే ఊదా, గులాబీ రంగుల్లోకి వెళ్తాయి. రెండింటికీ ఒకే చుక్క వేసి పోల్చమంటే వాళ్ళే పట్టిక గీయడం మొదలుపెడతారు. ఒక్క జాగ్రత్త: తాంబూలంలోకి తెచ్చే సున్నం పిల్లల చేతికివ్వొద్దు. కంట్లో పడితే చూపు పోయేంత ప్రమాదం. సబ్బునీళ్ళు చాలు.

పెరుగు ఇంకా బాగుంటుంది, ఓపిక నేర్పుతుంది కాబట్టి. మూడు గిన్నెల్లో గోరువెచ్చని పాలు పోసి ఒకే చెమ్చాతో తోడు వేయండి. ఒకటి గట్టు మీద, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి బియ్యం డబ్బాలో. పొద్దున్నే మూడు మూతలూ పిల్లలే తీయాలి. మా మేనకోడలు ఐదేళ్ళప్పుడు ఫ్రిజ్ గిన్నె చూసి ‘‘దీనికి చలేసి నిద్రపోయింది’’ అంది. తోడులోని సూక్ష్మజీవులు చల్లదనంలో మందగిస్తాయన్న మాటకు అది చాలా దగ్గర. ఆమెను సరిదిద్దే పని ఎవరూ పెట్టుకోలేదు. మర్నాడు ‘‘బాగా వేడి పాలల్లో తోడేస్తే?’’ అని తనే అడిగింది. తోడుకోలేదు. ఈసారి కారణం వెతుక్కోవడానికి ఆమెకు మూడు గిన్నెల అనుభవం ఉంది.

దీని లోపం సమయం. పొద్దున టిఫిన్ హడావిడిలో ఇవేవీ కుదరవు, పొయ్యి దగ్గర పిల్లల్ని పెట్టుకోనూ కూడదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, పొయ్యి కట్టేసిన వంటిల్లయితే సరి. ఇల్లు ఖరాబవుతుందని ముందే ఒప్పుకున్నవాళ్ళకే ఇది.

పెరడు, డాబా, కరివేపాకు కుండీ

ఫ్లాట్లో ఉంటున్నాం, పెరడెక్కడిదంటారా? బాల్కనీలో ఒక కరివేపాకు మొక్క పెట్టి, మందు కొట్టకుండా వదిలేయండి. నిమ్మజాతి సీతాకోకచిలుకలు దాని మీద గుడ్లు పెడతాయి. పుట్టిన పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పిట్టలు దాన్ని వదిలేయడానికే ఆ వేషం. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ముల జంట బయటికొస్తుంది, ఘాటు వాసనతో సహా. పిల్లలు దీన్ని ఒకసారి చూశారంటే ఇక రోజూ లేవగానే బాల్కనీకే. సుమారు నెల రోజుల్లో గుడ్డు నుంచి రెక్కల దాకా మొత్తం కథ అయిపోతుంది. కరివేపాకు రెమ్మలు పోపులోకి కాకుండా పురుగు పొట్టలోకి పోతున్నాయని ఇంట్లో గొణుగుడు మాత్రం తప్పదు.

పల్లెలో ఉంటే ఇంకేం కావాలి. తొలకరి పడి ఆరుద్ర కార్తె వచ్చిందంటే ఎర్రటి మఖ్మల్ గుడ్డలా ఆరుద్ర పురుగులు నేల మీదికొస్తాయి. వాటికి ఎన్ని కాళ్ళో లెక్కపెట్టమనండి. ఎనిమిదుంటాయి. మామూలు పురుగుకు ఆరే కదా, మరి ఇవి సాలీడుకు చుట్టాలా అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. బెల్లం ముక్క, ఉప్పు, ముగ్గుపిండి వరసగా పెట్టి చీమలు దేని దగ్గరికి ముందు వస్తాయో చూడటం కూడా మూడేళ్ళవాళ్ళతో హాయిగా సాగే పని.

డాబా మీద నీడల ఆట ఒకటుంది. గంటకోసారి కర్ర నీడ కొసన సుద్దముక్కతో గీత పెట్టమనండి. హైదరాబాదులో ఏటా మే 9న, ఆగస్టు 3న సుమారుగా మధ్యాహ్నం పన్నెండుంపావు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్ర నీడ దాని అడుగునే దాక్కుంటుంది. తిరుపతి, విశాఖల్లో ఆ తేదీలు వేరు. మే ఎండలో పది నిమిషాలకు మించొద్దు, కాళ్ళకు చెప్పులుండాలి.

ఈ దారికి ఖర్చు లేదు, కానీ పెద్దవాళ్ళకు రోజూ కాస్త గుర్తుండాలి. మొదటి వారం ఉత్సాహం రెండో వారానికి ఉండదు, పురుగేమో మన కోసం ఆగదు.

చేసుకునే బొమ్మలు

ముంజకాయల బండి, కొబ్బరాకు బూర, అగ్గిపెట్టెల ఫోను మన తాతలు చేసినవే. ఈ దారిలో దేశమంతా తెలిసిన పేరు అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజనీరింగ్ చదివి, పారేసే వస్తువులతో సైన్స్ బొమ్మలు చేయించడమే జీవితపు పనిగా పెట్టుకున్నాడు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వెబ్‌సైట్లో బొమ్మలు చేసే పద్ధతులు ఉచితంగా ఉన్నాయి.

వాటిలో ఐదేళ్ళవాళ్ళకు నాకు నచ్చేది స్ట్రా బూర. స్ట్రా కొసను నొక్కి చదునుగా చేసి, రెండు పక్కలా ఏటవాలుగా కత్తిరించి ఊదాలి. ఊదుతుండగా రెండో కొసను ముక్కలుగా కత్తిరిస్తూ పోతే స్వరం సన్నబడుతూ వెళ్తుంది. పొట్టి గొట్టానికి సన్న స్వరం అని ఎవరూ చెప్పక్కర్లేదు. ఊదడం రాని పిల్లలు మాత్రం నిజంగా ఏడుస్తారు, పక్కన మీరొకటి ఊది సిద్ధంగా పెట్టుకోండి. చేతివేళ్ళు ఇంకా కుదురుకోని మూడు నాలుగేళ్ళవాళ్ళకు ఈ కత్తిరింపులు విసుగు, వాళ్ళకు వంటిల్లే మేలు.

కొన్న కిట్టు

కిట్లన్నీ చెడ్డవని అననుగానీ చాలా కిట్లు ఒక్కరోజు పెళ్ళిసందడే. అగ్నిపర్వతం కిట్టు తీసుకోండి. వంటసోడా, వెనిగరు, రంగు, ప్లాస్టిక్ కొండ. మూడుసార్లు పొంగాక పొట్లాలు ఖాళీ. అదే పొంగు పుల్ల మజ్జిగలో వంటసోడా వేసినా వస్తుంది. పైగా ‘‘అర చెమ్చా వేస్తే, ఒక చెమ్చా వేస్తే’’ అని ఎన్నిసార్లయినా మార్చి చూడొచ్చు.

కొనదగ్గవి అయిపోని వస్తువులున్నవి: భూతద్దం, అయస్కాంతం, క్లిప్పులతో కలిపే సర్క్యూట్ ముక్కలు, గేర్లు, అద్దాలు, పట్టకం. పెద్ద అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇసుకలో తిప్పితే నల్లటి రజను అంటుకొస్తుంది, కవరు విప్పితే రాలిపోతుంది. ఒక్క వస్తువుతో వారమంతా సాగే పని. స్టాన్‌ఫోర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన కాగితపు సూక్ష్మదర్శిని ఫోల్డ్‌స్కోప్ ముచ్చటైనదే, కానీ దాంట్లోంచి చూడటం కుదరాలంటే ఎనిమిదేళ్ళు రావాలి. అంతకన్నా చిన్నవాళ్ళకు మంచి భూతద్దమే నయం.

కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ఆటబొమ్మలకు అది తప్పనిసరి. స్ఫటికాలు పెంచే కిట్లలో మైలుతుత్తం ఉంటే చిన్నపిల్లలకు వద్దు, అది విషం. పటికతోనూ స్ఫటికాలొస్తాయి, పచారీ కొట్లో దొరుకుతుంది.

సైన్స్ సెంటర్

హైదరాబాదు నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం 1985 నుంచి ఉంది. పక్కనే సైన్స్ మ్యూజియం. అక్కడ నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం మన గడ్డ మీదే, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో కూర్చినది. పిల్లల్ని తోక దగ్గర్నుంచి తల దాకా అడుగులు లెక్కపెడుతూ నడిపించండి. రాయలసీమవాళ్ళకు తిరుపతిలో జాతీయ సైన్స్ మ్యూజియంల మండలి నడిపే ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది.

లోపం: పిల్లలు మీట నొక్కి, ఏం జరిగిందో చూడకుండానే తరవాతి మీటకు పరుగెడతారు. అందుకే మొత్తం చూసేయాలన్న పంతం వదిలి, రెండు మూడు చోట్ల ఆగడం మేలు. ప్లానెటేరియంలో చీకటికి నాలుగేళ్ళ లోపువాళ్ళు భయపడతారు, వెళ్ళేవాళ్ళు తెలుగు ప్రదర్శన సమయం ముందే కనుక్కోండి. ఏటా రెండుసార్లు వెళ్తే చాలు. రెండోసారి వెళ్ళినప్పుడే పిల్లలు నిదానంగా చూస్తారు.

ఆదివారం క్లాసు

చేర్పించే ముందు ఒక క్లాసులో వెనక కూర్చోనివ్వమని అడగండి. టీచరు చేస్తుంటే పిల్లలు చప్పట్లు కొడుతున్నారా, పిల్లల చేతుల్లో వస్తువులున్నాయా? గంట తరవాత అందరూ ఒకేలాంటి మోడల్ పట్టుకుని బయటికొస్తే అది క్రాఫ్టు క్లాసు. తప్పేమీ లేదు, అయితే దానికి సైన్స్ ఫీజు కట్టక్కర్లేదు. ఒకరి మోడల్ పనిచేయనప్పుడు టీచరు గబగబా సరిచేసి ఇచ్చేశాడా, ‘‘ఎందుకు తిరగట్లేదు?’’ అని పిల్లల్నే అడిగాడా అన్నది చూస్తే మిగతా ప్రశ్నలు అవసరం లేదు.

వీడియోల సంగతి రెండు ముక్కల్లో: ఏదైనా చేసి చూశాక వీడియో చూస్తే మంచిదే. చేయకముందు చూస్తే జవాబు తెలిసిపోయిన పొడుపుకథ.

ఎవరికి ఏది

ఇద్దరూ ఉద్యోగస్తులు, ఇంట్లో ఒక్కరే పిల్ల అయితే కుండీ, పెరుగు గిన్నెలు. రెండూ మీరు ఆఫీసులో ఉన్నప్పుడు వాటంతటవే పనిచేస్తాయి, పొద్దున ఐదు నిమిషాలు చూస్తే సరిపోతుంది. డబ్బుకు ఇబ్బంది లేదు, సమయమే లేదంటే మంచి క్లాసు వెతకండి. కిట్టు కొని పిల్ల ముందు పెట్టి ఫోన్‌లోకి వెళ్ళిపోవడం కన్నా అది మెరుగు.

తాతయ్యా నానమ్మా ఉన్న ఇల్లయితే చేసుకునే బొమ్మలు. తాతయ్యకు బూర చేయడం వచ్చే ఉంటుంది, అడిగితే పొంగిపోతారు.

ఎనిమిదేళ్ళ అన్న, మూడేళ్ళ చెల్లి ఉన్నచోట కిట్టు వద్దే వద్దు, చిన్నదాని నోటికి భయపడి పెద్దవాడిని గదమాయిస్తూనే ఉంటారు. వంటిల్లయితే ఇద్దరికీ పనుంటుంది: చెల్లి పోస్తుంది, అన్న రాస్తాడు.

చేతికి జిగురంటితే ఏడ్చే పిల్లలుంటారు. వాళ్ళకు పిండి, మట్టి బలవంతంగా అంటించొద్దు. నీడలు, అయస్కాంతం, భూతద్దం శుభ్రమైన పనులే.

అంగన్‌వాడీ, ప్రీస్కూల్ టీచర్లకు ఇరవైమంది పిల్లలు, ఒక్కరే ఆయమ్మ. ఒక బకెట్ నీళ్ళు, ఇరవై వస్తువులు, ‘మునుగుతుంది’, ‘తేలుతుంది’ అని నేల మీద రెండు సుద్ద వృత్తాలు. ప్రతి ఒక్కరూ వేసే ముందు తమ వస్తువును ఏదో ఒక వృత్తంలో పెట్టాలి. గంట గడుస్తుంది. బకెట్ దగ్గర మాత్రం ఎవరో ఒకరు కదలకుండా ఉండాలి.

అమెరికాలో ఉన్నవాళ్ళకు సైన్స్ మ్యూజియంలు మనకన్నా ఎక్కువ అందుబాటులో ఉంటాయి. చాలా పబ్లిక్ లైబ్రరీలు మ్యూజియం పాసులు ఉచితంగా అరువిస్తాయి, కొనేముందు అక్కడ అడగండి. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల తెలుగువాళ్ళకు 1969లో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ మొదలుపెట్టిన ఎక్స్‌ప్లొరేటోరియం ఉంది. ముట్టుకుని చూసే మ్యూజియంలకు చాలాచోట్ల అదే నమూనా.

ఐదొందలు ఖర్చు పెడదామనుకుంటే నా లెక్క ఇది: పిల్లల అరచేతిలో పట్టే, పిడి ఉన్న భూతద్దం ఒకటి, నోట్లో పట్టనంత పెద్ద అయస్కాంతం ఒకటి, గీతల్లేని నోట్‌బుక్ ఒకటి, కరివేపాకు మొక్క ఒకటి. మొక్కను నర్సరీలో కొనేటప్పుడు మందు కొట్టారేమో అడగండి. కొట్టి ఉంటే కొన్ని వారాలు ఓపిక పట్టండి, కొత్త చిగుళ్ళ మీదే గుడ్లు వెతకండి.